నాలుగు నెలలు మెల్‌బోర్న్‌లో ఉంటాం – ఎంవీపీ కాలనీలో ఇంటి కెమెరాలు అక్కడి నుంచి భద్రంగా చూడాలంటే?

ఉక్కు_రిటైర్డ్ | అక్టోబర్ 9, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. స్టీల్‌ప్లాంట్ రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాను. అమ్మాయికి డిసెంబరులో పురుడు. నవంబర్ మొదటి వారంలో నేనూ మా ఆవిడా మెల్‌బోర్న్ వెళ్లి మార్చి దాకా ఉంటాం. వైజాగ్ ఎంవీపీ కాలనీలో సొంతిల్లు. పై వాటా ఖాళీ. నాలుగు కెమెరాలు, టీవీ కింద వాటి బొమ్మలు రికార్డు చేసే డీవీఆర్ ఉన్నాయి.

రెండేళ్ల కిందట పెట్టినతను నా ఫోన్లో ఒక యాప్ వేసి, ఏదో పెద్ద నంబరు, పోర్ట్ అని ఇంకో నంబరు కొట్టి, "ఇక అమెరికాలో ఉన్నా చూసుకోవచ్చండి" అన్నాడు. నెట్ వాళ్ల దగ్గర స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ నంబరు) కూడా తీయించాడు. దానికి ఏటా విడిగా కడుతున్నాను. మాటకు తగ్గట్టే, అరకు వెళ్లినప్పుడు కూడా కనిపించింది.

మొన్న అల్లుడు వీడియో కాల్‌లో డీవీఆర్ పాస్‌వర్డ్ ఏమిటని అడిగాడు. అడ్మిన్, 12345 అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మావయ్యగారూ, మీ హాలు మీతోపాటు ఇంకెవరెవరు చూస్తున్నారో" అన్నాడు. అప్పట్నుంచీ మా ఆవిడ హాల్లో కెమెరా మీద తువ్వాలు కప్పేసింది.

వెళ్లేలోపు దీన్ని ఎలా బాగుచేసుకోవాలో చెప్పండి. మిషన్లంటే భయం లేదు. కంప్యూటర్ అయితే కాస్త టైం పడుతుంది.

పెందుర్తి_పిల్లోడు | అక్టోబర్ 9, ఉదయం 8:15

సార్, ముందు రూటర్‌లో, బయటి నుంచి నేరుగా డీవీఆర్‌కి దారి ఇచ్చే ఆ పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండి. ఈరోజే. యూపీఎన్‌పీ అని ఇంకోటి ఉంటుంది, అదీ ఆపండి, రూటర్‌లోనూ డీవీఆర్‌లోనూ. ఆపకపోతే మీరు ముందు తలుపు వేస్తుంటే డీవీఆర్ తనంతట తనే పెరటి తలుపు తీసుకుంటుంది.

తర్వాత కంపెనీ యాప్‌లోనే పీటూపీ అని ఉంటుంది. డీవీఆర్ మెనూలో వచ్చే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. పోర్టులు అక్కర్లేదు, స్టాటిక్ ఐపీ అక్కర్లేదు. డబ్బులు మిగులు.

కంచరపాలెం_కిట్టు | అక్టోబర్ 9, ఉదయం 9:02

పోర్ట్ తెరిచి ఉంటే ఏమవుతాదేటి బాబూ? ఆయన ఐపీ నంబరు ఎవడికి తెలుస్తది? వైజాగ్‌లో ఓ ఇల్లు, ఎవడు వెతుకుతాడు?

రుషికొండ_రూటర్ | అక్టోబర్ 9, ఉదయం 10:40

కిట్టు అన్నా, ఎవడూ వెతకక్కర్లేదు. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లు. వినడానికి చాలా ఎక్కువ. కానీ 2013లోనే మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు జెడ్‌మ్యాప్ అనే టూల్ తయారుచేసి, ఒక మామూలు సర్వరు, ఒక గిగాబిట్ లైను మీద, ఆ అడ్రసులన్నిటిలో ఒక్కో పోర్టు తలుపు తట్టి 45 నిమిషాల్లోపే ముగించారు. ఈ పని ఇప్పుడు రాత్రింబవళ్లు ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. షోడాన్ అనే సైట్ అయితే 2009 నుంచీ అలా దొరికిన పరికరాలను జాబితా కట్టి వెతుక్కోనిస్తోంది. ఎంవీపీ కాలనీ అని వాళ్లకు తెలియదు, తెలియక్కర్లేదు.

2016లో మిరాయ్ వచ్చింది. దాని తెలివంతా ఏమిటంటే, 60 పైచిలుకు ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు. వాటిని వరసపెట్టి కొడుతూ, తెరుచుకున్న డీవీఆర్‌లను, కెమెరాలను, రూటర్లను తన గుంపులో కలుపుకుంటూ పోయింది. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ గుంపులోని పరికరాలు, సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చిపెట్టే (డీఎన్‌ఎస్) డిన్ అనే కంపెనీ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. అంటే ఎవరో తాత తన గేటు చూసుకోవడానికి పెట్టిన డబ్బా, తాతకి తెలియకుండానే దాడికి వెళ్లొచ్చింది.

ఇక ఆ డబ్బా మీ ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉంటుంది కదా. దానిలోకి దిగినవాడికి పక్కనే మీ ల్యాప్‌టాప్, మీ ఫోను. కెమెరా బొమ్మలు పోవడం ఒక ఎత్తు, అదింకో ఎత్తు.

జగదాంబ_కెమెరా | అక్టోబర్ 9, మధ్యాహ్నం 1:25

నేను పదమూడేళ్లుగా కెమెరాలు పెడుతున్నాను. అందరూ ఇన్‌స్టాలర్‌నే తిడతారు కాబట్టి మా గోడు కూడా వినండి. కస్టమర్‌కి కావలసింది ఒక్కటే: నేను నిచ్చెన మడిచేలోపు ఫోన్లో బొమ్మ రావాలి. గట్టి పాస్‌వర్డ్ పెట్టి కాగితం మీద రాసిస్తే వారంలో పారేస్తారు. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి "బాబూ పాస్‌వర్డ్ ఏంటి" అంటారు. అందుకే అందరికీ ఒకటే పెట్టేవాళ్లం. తప్పే. నేనూ చేశాను.

ఇప్పుడొచ్చే డీవీఆర్‌లు మొదటిసారి ఆన్ చేసినప్పుడే కొత్త పాస్‌వర్డ్ అడుగుతాయి. పెట్టకపోతే ముందుకు కదలవు. పైగా 2024 ఏప్రిల్ 9న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సీసీ కెమెరాలకు సెక్యూరిటీ టెస్టులు తప్పనిసరి చేశారు, 2025 ఏప్రిల్ 9 నుంచి అమలు. సార్ దగ్గర ఉన్నది అంతకు ముందు సరుకులా ఉంది. ఫర్మ్‌వేర్ (డీవీఆర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూడండి. అప్‌డేట్ పెట్టేటప్పుడు కరెంటు పోతే డీవీఆర్ మూలన పడుతుంది, కాబట్టి ఇన్వర్టర్ మీద పెట్టండి.

సీతమ్మధార_టీచర్ | అక్టోబర్ 9, సాయంత్రం 5:10

సాంకేతికం నాకు అంతగా రాదు కానీ ఒక అనుభవం. పోయిన సంక్రాంతికి మేం బొబ్బిలి వెళ్లాం. మా అబ్బాయి కెమెరాలు, వీపీఎన్ అన్నీ చక్కగా పెట్టాడు. రైలు కొత్తవలస దాటాక ఇల్లు చూద్దామని ఫోన్ తీస్తే నాలుగు గళ్లూ నల్లగా ఉన్నాయి. వాడు గంటసేపు ఏవేవో సెట్టింగులు తిప్పాడు. టెన్షన్‌తో ఎవరికీ టిఫిన్ దిగలేదు. చివరికి మా అత్తగారు నెమ్మదిగా, "బయల్దేరేటప్పుడు మెయిన్ నేనే ఆపేశాను కదర్రా, ఊరెళ్తూ ఆపకపోతే ఎలా" అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో రూటర్‌కీ కెమెరాలకీ వేరే ఎంసీబీ. దాని మీద ఎర్ర టేపు అంటించి "ముట్టుకోవద్దు" అని రాశాం. మిగతావన్నీ ఆవిడ ఇష్టం.

ఉక్కు_రిటైర్డ్ | అక్టోబర్ 9, రాత్రి 8:30

టీచరమ్మా, మీ అత్తగారు చేసిన పనే నేనూ ప్రతిసారీ చేస్తాను! రేపే ఎలక్ట్రీషియన్ని పిలుస్తాను.

పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేశాను. యూపీఎన్‌పీ రెండుచోట్లా ఆపాను. పాస్‌వర్డ్ మార్చాను. అల్లుడు మాత్రం పీటూపీ కన్నా వీపీఎన్ మంచిదంటున్నాడు. రెంటికీ తేడా ఏమిటి?

రుషికొండ_రూటర్ | అక్టోబర్ 9, రాత్రి 9:55

పీటూపీలో మీ డీవీఆరే బయటికి ఫోన్ చేసినట్టు కంపెనీ సర్వరుతో లైను పట్టుకుని కూర్చుంటుంది. మీ యాప్ కూడా అక్కడికే వెళ్తుంది. ఇద్దరినీ సర్వరు కలుపుతుంది. బయటినుంచి తట్టడానికి తలుపు ఉండదు, అది మంచిదే. కానీ తాళం గుత్తి కంపెనీ వాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్ల సర్వరులో లొసుగు ఉన్నా, మీ అకౌంట్ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా లీకైనా, మీ హాలు కనిపిస్తుంది.

వీపీఎన్ అంటే యూట్యూబ్ యాడ్స్‌లో చూపించే రకం కాదు. అది మీ ట్రాఫిక్‌ని ఎవరి సర్వరుకో పంపుతుంది. మనకి కావలసింది మీ ఇంటికే సొరంగం. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ ఫోన్, ఎంవీపీలో మీ హాల్లో కూర్చుని వైఫై పట్టుకున్నట్టే ఉంటుంది. బయటి ప్రపంచానికి డీవీఆర్ కనిపించనే కనిపించదు.

దానికి రెండు దారులు. ఒకటి వైర్‌గార్డ్, కొన్ని రూటర్లలో ఇప్పటికే ఉంటుంది. రెండోది టెయిల్‌స్కేల్, అదీ వైర్‌గార్డ్ మీద కట్టిందే, పెట్టుకోవడం తేలిక.

కంచరపాలెం_కిట్టు | అక్టోబర్ 10, ఉదయం 7:20

వైర్‌గార్డ్‌కీ రూటర్‌లో 51820 పోర్ట్ తెరవాలి కదా? పోర్ట్ తెరవొద్దని నిన్నంతా క్లాసు పీకి, ఇప్పుడు మళ్లీ తెరవమంటారేటి?

రుషికొండ_రూటర్ | అక్టోబర్ 10, ఉదయం 7:48

బాగా పట్టుకున్నావన్నా. తేడా ఏంటంటే, డీవీఆర్ పోర్టుని ఎవడు తట్టినా "ఎవరూ? పాస్‌వర్డ్ చెప్పు" అని లోపల్నుంచి పలుకుతుంది. ఇంట్లో మనిషున్నాడని అప్పుడే తెలిసిపోతుంది. వైర్‌గార్డ్ తనకి తెలిసిన కీ లేనివాడికి అసలు పలకదు. తట్టినవాడికి అక్కడ గోడే తప్ప తలుపు కనిపించదు. దాని కోడ్ కూడా చిన్నది, మొదట వచ్చినప్పుడు సుమారు 4,000 లైన్లు. 2020 మార్చిలో లినక్స్ 5.6 కెర్నల్‌లోనే కలిపేశారు.

అయితే దానికి మీ ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ కావాలి. ఉక్కు సార్‌కి ఉంది. నీకు ఉండకపోవచ్చు.

కంచరపాలెం_కిట్టు | అక్టోబర్ 10, ఉదయం 8:05

నాకు లేదు. అందుకే నా డీవీఆర్ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎప్పుడూ పనిచేయలేదని ఇప్పుడు అర్థమైంది. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ వైపు నంబరు) 100.80 తో మొదలవుతోంది. గూగుల్‌లో చూస్తే వేరే నంబరు చూపిస్తోంది.

రుషికొండ_రూటర్ | అక్టోబర్ 10, ఉదయం 8:11

అదే సీజీనాట్. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసు వెనకాల బోలెడన్ని ఇళ్లను పెట్టిందని. అపార్ట్‌మెంట్ గేటుకి ఒకే డోర్ నంబరు, లోపల ఫ్లాట్లు చాలా. బయటి నుంచి వచ్చినవాడికి నీ ఫ్లాట్ ఏదో తెలియదు. ఇలాంటి చోట టెయిల్‌స్కేల్ పనికొస్తుంది. రెండు వైపులా లోపల్నుంచే బయటికి వచ్చి మధ్యలో కలుసుకుంటాయి. హోటల్ వైఫైలో ఆ దారి కూడా మూసేసి ఉంటే, వాళ్ల రిలే సర్వరు ద్వారా మామూలు వెబ్‌సైట్ ట్రాఫిక్‌లాగా వెళ్తుంది. నెమ్మదిగా ఉంటుంది, కానీ బొమ్మ వస్తుంది. రిలే మీద వెళ్లినా సొరంగంలో ఏముందో రిలేకి కనపడదు.

సార్, మీకు నా ఓటు టెయిల్‌స్కేల్‌కే. స్టాటిక్ ఐపీ వచ్చే ఏడాది కట్టక్కర్లేదు.

పెందుర్తి_పిల్లోడు | అక్టోబర్ 10, ఉదయం 9:30

మా దగ్గర రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, పాతది ఉంది సార్, ఖాళీగా పడుంది. తెచ్చి పెట్టేస్తాను. డీవీఆర్‌లో టెయిల్‌స్కేల్ పడదు కాబట్టి, పక్కనే ఈ చిన్న బోర్డు పెట్టి, "ఈ ఇంటి నెట్‌వర్క్‌కి దారి నేను" అని దానితో చెప్పిస్తాం. సబ్‌నెట్ రూటర్ అంటారు.

ఉక్కు_రిటైర్డ్ | అక్టోబర్ 14, రాత్రి 9:15

పెందుర్తి బాబు ఆదివారం వచ్చి పెట్టి వెళ్లాడు. కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు. అగ్గిపెట్టెకి కాస్త పెద్దది, అంతే, టీవీ వెనకాల అంటించాం. ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద టెయిల్‌స్కేల్ ఆన్ చేసి, డీవీఆర్ ఇంటి అడ్రసు 192.168.1.108 కొడితే నాలుగు గళ్లూ వచ్చేశాయి. టెయిల్‌స్కేల్ ఆపితే ఏమీ రాదు. మా ఆవిడ తువ్వాలు తీసింది. ఇంకేమైనా మిగిలిందా?

రుషికొండ_రూటర్ | అక్టోబర్ 14, రాత్రి 10:02

మిగిలింది సార్. 192.168.1 అన్నారు కదా, అదే నా భయం. పోయినేడు బెంగళూరు హోటల్లో నా ఇంటి రూటర్ పేజీ తెరిస్తే హోటల్ వాళ్ల రూటర్ లాగిన్ వచ్చింది. వాళ్లదీ 192.168.1, మాదీ 192.168.1. ఫోన్ దగ్గరలో ఉన్నదానికే వెళ్తుంది కదా. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ తంటా బయటపడదు, ఊరు దాటాకే కనిపిస్తుంది. మీ అల్లుడి ఇంట్లో కూడా అదే నంబరు ఉండే అవకాశం ఎక్కువ. వెళ్లేలోపు మీ ఇంటి నెట్‌వర్క్‌ని 192.168.73 లాంటి ఎవరూ వాడని దానికి మార్చండి. డీవీఆర్ అడ్రసు, రాస్ప్‌బెర్రీ పై ప్రకటించే రూటు కూడా మార్చాలి. మీరు ఇంట్లో ఉండగానే చేయాల్సిన పని. మెల్‌బోర్న్ నుంచి చేయబోతే, కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే.

ఇంకోటి. టెయిల్‌స్కేల్‌లో ఒక్కో పరికరం కీ మామూలుగా 180 రోజులకి గడువు తీరుతుంది. రాస్ప్‌బెర్రీ పైకి మాత్రం అడ్మిన్ పేజీలో ఆ గడువు ఆపేయండి. మీరు మార్చి అంటున్నారు, మనవడి మొహం చూశాక మే అవుతుంది.

డాలస్_మధురవాడ | అక్టోబర్ 15, ఉదయం 5:40

గడువు సంగతి నిజం. మా నాన్నగారి ఇల్లు మధురవాడలో, నేను ఇక్కడ. సరిగ్గా ఆరు నెలలకి ఒక ఉదయం మాయమైపోయింది. ఆయనకి ఫోన్లో చెప్పి మళ్లీ లాగిన్ చేయించేసరికి రెండు రోజులు, రెండు కుటుంబాల ఓపికా అయిపోయాయి.

నాదో చేర్పు. టెయిల్‌స్కేల్ లాగిన్ మీ గూగుల్ అకౌంట్ మీద ఉంటే, ఇంటి తాళం ఇప్పుడు ఆ గూగుల్ పాస్‌వర్డే. టూ-స్టెప్ పెట్టండి. కానీ ఎస్‌ఎంఎస్ ఓటీపీ మీద ఆధారపడకండి. ఇక్కడ దిగగానే చాలామంది ఇండియా సిమ్ తీసి లోకల్ సిమ్ వేస్తారు, రోమింగ్ లేకపోతే ఓటీపీ రాదు. ఆథెంటికేటర్ యాప్ పెట్టుకుని, బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టండి, ఫోన్ ఉన్న సంచిలో కాదు. ఫోన్ పోతే అల్లుడి కంప్యూటర్లో అడ్మిన్ పేజీ తెరిచి ఆ ఫోన్‌ని తీసేస్తే సరి, సొరంగం తెగిపోతుంది.

జగదాంబ_కెమెరా | అక్టోబర్ 15, ఉదయం 11:20

పీటూపీ కూడా ఆపేశారు కదా సార్? అయితే డీవీఆర్‌లో గేట్‌వే గడి (బయటికి దారి చూపే రూటర్ అడ్రసు) ఖాళీగా వదిలేయండి, అది బయటి ఇంటర్నెట్‌కి వెళ్లలేదు. రాస్ప్‌బెర్రీ పై మీద సబ్‌నెట్ రూటర్ మామూలుగా తన సొంత అడ్రసుతోనే అడుగుతుంది కాబట్టి మీకు బొమ్మ వస్తూనే ఉంటుంది. రుషికొండ గారి పోస్టులు చూసి నిన్న షాపులో ఇలా చేసి చూశాను, పనిచేసింది. ఒక నష్టం: మనిషి కదిలితే ఫోన్‌కి వచ్చే అలర్టులు రావు, అవి కంపెనీ సర్వరు మీదుగానే వస్తాయి. అలర్ట్ కావాలంటే పీటూపీ ఉంచి, ఎన్‌క్రిప్షన్ కోడ్ సొంతంగా పెట్టుకోండి. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

గేట్‌వే తీస్తే టైం సర్వరు కూడా అందదు. నాలుగు నెలల్లో గడియారం తప్పుతుంది. రేపు ఏదైనా జరిగి పోలీసులకి ఫుటేజ్ ఇస్తే, దాని మీద టైమే తప్పుంటే చాలా ఇబ్బంది. ఎన్‌టీపీ (టైం సర్వరు) అడ్రసు దగ్గర రాస్ప్‌బెర్రీ పై అడ్రసు పెట్టి, పై మీద టైం సర్వీసు నడపమని ఆ బాబుకి చెప్పండి.

సీతమ్మధార_టీచర్ | అక్టోబర్ 15, సాయంత్రం 6:00

ఇంత చేసినా, దొంగ వస్తే మెల్‌బోర్న్ నుంచి మీరు చూడగలరు, పట్టుకోలేరు. పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉంది కదా. తాళం వేసిన ఇంటి నిఘా. యాప్‌లో చెప్తే వాళ్లే కెమెరా పెడతారు, మనిషి కదిలితే వాళ్లకే తెలుస్తుంది, డబ్బు తీసుకోరు. నాలుగు నెలలకి ఇస్తారో లేదో మీ స్టేషన్‌లో అడగండి. పక్కింటి వాళ్ల నంబరు స్టేషన్‌కీ, స్టేషన్ నంబరు మీ ఫోన్లోనూ ఉండాలి. ఆస్ట్రేలియా నుంచి 100 కొడితే మన వైజాగ్‌కి రాదు.

ఇంకో మాట. మీరు తిరిగొచ్చాక హాల్లో కెమెరా ఆపేసుకోండి. ఇంట్లో ఆడవాళ్లు తువ్వాలు కప్పుకుంటూ బతకక్కర్లేదు.

కంచరపాలెం_కిట్టు | అక్టోబర్ 15, రాత్రి 7:30

కరెంటు సంగతి మర్చిపోకండి. నవంబర్ అంటే తుఫాన్ల రోజులు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో నాకింకా గుర్తుంది. అప్పుడు ఏ సొరంగమూ పనిచేయదు, అదొదిలేయండి. కానీ కరెంటు తిరిగొచ్చినప్పుడు అన్నీ వాటంతట అవే లేవాలి కదా. అది చూశారా?

ఉక్కు_రిటైర్డ్ | అక్టోబర్ 19, రాత్రి 8:45

చూశాను కిట్టు గారూ. మిల్లులో ఏ మార్పు చేసినా షట్‌డౌన్ టెస్ట్ లేకుండా సంతకం పెట్టేవాళ్లం కాదు. ఈరోజు అలాగే చేశాం. మా ఆవిడ ఇంట్లో, నేను ఆర్కే బీచ్‌లో బెంచీ మీద. ఫోన్ చేసి మెయిన్ ఆపమన్నాను. ఇన్వర్టర్ కూడా ఆపమన్నాను. పది నిమిషాలు ఆగి రెండూ వేయమన్నాను.

డీవీఆర్ లేచింది, రూటర్ లేచింది. రాస్ప్‌బెర్రీ పై లేవలేదు! ఇంటికొచ్చి చూస్తే దాని ఛార్జర్ టీవీ స్విచ్చుకి ఉంది. మా ఆవిడ మెయిన్ వేశాక, టీవీ ఎందుకని ఆ స్విచ్ మాత్రం వేయలేదు. ఇప్పుడు పై కూడా ఎర్ర టేపు ఎంసీబీ మీదే. మళ్లీ టెస్ట్ చేశాం, నాలుగు నిమిషాల్లో అన్నీ వచ్చాయి.

నెట్‌వర్క్ 73కి మార్చాం. గేట్‌వే తీసేశాను, అలర్టులు వద్దనుకున్నాం. ప్రతి పిల్లికీ ఫోన్ మోగితే అక్కడ మా అమ్మాయి నిద్రపోదు. తాళం ఒకటి పక్కింటి వాళ్లకిచ్చాం. మెల్‌బోర్న్‌లో అప్పుడు మనకన్నా 5:30 గంటలు ముందు ఉంటుందట, అంటే నేను అక్కడ పొద్దున్నే కాఫీ తాగే టైంకి ఇక్కడ నడిరాత్రి. సరిగ్గా చూడాల్సిన టైమే.

ఉక్కు_రిటైర్డ్ | నవంబర్ 16, ఉదయం 7:10

మెల్‌బోర్న్ నుంచి నమస్కారం. అల్లుడి ఇంటి వైఫై నిజంగానే 192.168.1. రుషికొండ బాబూ, నీకు ఒక భోజనం బాకీ.

సింగపూర్ ఎయిర్‌పోర్టులో ఫ్రీ వైఫై మీద కూడా వచ్చింది, కాస్త ఆగి ఆగి. సబ్‌స్ట్రీమ్‌కి (తక్కువ నాణ్యత బొమ్మకి) మార్చాక బాగుంది.

ఒకే ఇబ్బంది. మూడో నంబరు కెమెరా, గేటు వైపుది, రాత్రిపూట తెల్లగా మసకగా ఏదో ఊగుతోంది. నాలుగు రోజులుగా అంతే. పగలు బాగానే ఉంటోంది. సెట్టింగ్ ఏమైనా పోయిందా?

జగదాంబ_కెమెరా | నవంబర్ 16, ఉదయం 9:35

సెట్టింగ్ కాదు సార్, సాలెగూడు. కెమెరా ముందు సాలీడు గూడు కడితే, రాత్రి కెమెరా ఐఆర్ (కంటికి కనపడని) లైటు దాని మీద పడి తెల్లగా కనిపిస్తుంది. పక్కింటి వాళ్లకి చెప్పి పొడవాటి కర్రకి మెత్తటి గుడ్డ కట్టి తుడిపించండి. అద్దం మీద గట్టిగా రుద్దొద్దనండి, సముద్రం ఉప్పు పట్టి ఉంటుంది, గీతలు పడతాయి. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ.

ఉక్కు_రిటైర్డ్ | నవంబర్ 16, సాయంత్రం 4:50

పక్కింటి కుర్రాడు తుడుస్తుంటే ఇక్కడ నుంచి చూస్తూ "ఇంకొంచెం ఎడమకి" అని ఫోన్లో చెప్పాను. గేటు స్పష్టంగా కనిపిస్తోంది. తాళం వేసే ఉంది.